సగానికి ఒక్కరు తక్కువ

కళాపరిషత్తుకి కార్యదర్శి కావడానికి ఏ అర్హతా అక్కర్లేదు. తెలివైనవాళ్ళంతా తప్పుకోగా మిగిలినవాడే కార్యదర్శి. బోర్డులు రాసుకునే పెయింటరు ఒక సమావేశంలో టీ తాగడానికని పక్కకి వెళ్ళి, తిరిగొచ్చేసరికి కార్యదర్శి అయిపోయి ఉన్నాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే వద్దనడానికి మొహమాటపడ్డాడు. అతనికి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఆ మొహమాటం ఒక్కటే. దాంతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు.

కార్యదర్శి అంటే ఏదో పెద్ద పదవని అతని కొట్టు పక్కన తాళంచెవులు చేసేవాడు అనుకునేవాడు. చేసే పని చూస్తే అయ్యో పాపం అనేవాడు. పొద్దున హాలు తలుపు తీయాలి. కుర్చీలు వేయాలి, ఎత్తాలి. స్టేజీ తెర సగంలో ఇరుక్కుంటే నిచ్చెనెక్కి కప్పీకి నూనె వేయాలి. పాటల క్లాసువాళ్ళూ డ్యాన్సు క్లాసువాళ్ళూ ఒకే గది కోసం జుట్లు పట్టుకుంటే మధ్యలో నిలబడి ఇద్దరి చేతా తిట్లు తినాలి. ఇంత చేసి సాయంత్రం కొట్టుకి వెళ్తే, మందుల షాపువాడు తన బోర్డు ఇంకా ఆరలేదేమని నిలదీసేవాడు.

ఇక పరిపాలన సంగతంటారా, అదొక అందమైన పద్ధతి. అధ్యక్షుడు ఒక ప్లీడరు గారు. కార్యవర్గం మేకప్ గదిలో కూర్చునేది. ప్లీడరు గారు విషయం చదివి, కళ్ళజోడు పైనుంచి చూసి, "అందరికీ సమ్మతమే కదా" అనేవారు. ఎవరూ పలికేవాళ్ళు కాదు. పలక్కపోతే సమ్మతమే. ఏడాదికోసారి జరగాల్సిన సర్వసభ్య సమావేశానికి నలుగురైదుగురు వచ్చేవాళ్ళు. మిగతావాళ్ళ సంతకాలు తర్వాత పెయింటరు ఇంటింటికీ వెళ్ళి చేయించుకొచ్చేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. బండి అలా సాగిపోయింది.

ఇంత చాకిరీ అతను కళ మీద ప్రేమతో చేశాడంటే అబద్ధమే అవుతుంది. అక్క కోసం చేశాడు. పెళ్ళి చేసుకోకుండా నాటకాలే లోకంగా బతికిన మనిషి ఆవిడ. మొదట వేషాలు వేసింది, తర్వాత వేయించింది. కొన్నాళ్ళుగా చూపు తగ్గుతూ వచ్చి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇంట్లో గుమ్మం తగులుతుంది, బల్ల మూల తగులుతుంది, వీధిలో అడుగు తీసి అడుగు వేయాలంటే ఎవరి చెయ్యో కావాలి. కానీ హాల్లో కాలు పెడితే చాలు, తమ్ముడి చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయేది. పక్క మెట్లెక్కి, తెర వెనకనుంచి తిరిగి, స్టేజీ అంచుకి జానెడు దూరంలో ఆగి, "ఏవమ్మా నర్సూ, నీ అడుగులు వినపడుతున్నాయి కానీ నీ మాట వినపడదేం?" అని నటుల మీద కేకలేసేది. ఆ ఆస్పత్రి నర్సూ, ఒక బ్యాంకు గుమాస్తా, మరో ఇద్దరూ పని ముగించుకుని నేరుగా రిహార్సలుకి వచ్చేవాళ్ళు. ఊరు మొత్తంలో ఆవిడ ఒంటరిగా నడవగలిగిన చోటు ఆ హాలొక్కటే. అది పోతే అక్క మంచానికి అంటుకుపోతుందని పెయింటరుకి తెలుసు. అందుకే ఆ తాళాల గుత్తి నడుముకి కట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు.

పరిషత్తు పెట్టిన మనిషిని అందరూ మేష్టారనేవాళ్ళు. అక్కకి నడక నేర్పిందీ, మాట నేర్పిందీ ఆయనే. ఆ ఇద్దరి గురించీ ఊరు రకరకాలుగా అనుకుంది. ఇద్దరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకరోజు రిహార్సలు మధ్యలో డైలాగు అందిస్తూ అందిస్తూ మేష్టారు అక్క మీదికి ఒరిగిపోయారు. అంతే. ఆ తర్వాత అక్క ఎవరితోనూ మాట్లాడలేదు, కంచం ముందు కూర్చుని లేచిపోయేది.

సంతాపసభ హాల్లోనే పెట్టారు. హాలు గోడకి సభ్యుల పేర్లు ఒక్కొక్కటీ చిన్న చెక్క పలక మీద రాసి బిగించి ఉండేవి. రాసింది పెయింటరే. మేష్టారి పలక తీసేయాలా ఉంచాలా అని ఎవరో అడిగారు. జన్మలో సభలో నోరు విప్పని పెయింటరు అప్పుడు లేచాడు. "కళాకారుడికి చావేమిటండీ? ఆయన పేరు అక్కడే ఉండాలి. ఆయనొక్కరే కాదు, మనలో ఎవరు పోయినా సభ్యత్వం పోకూడదు" అన్నాడు. హాలు దద్దరిల్లింది. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే చప్పట్లు కొట్టారు. ప్లీడరు గారు ఆ ఊపులోనే దాన్ని మంచి భాషలో పెట్టి, నిబంధనావళిలో చేర్చి, రిజిస్టరు కూడా చేయించారు. 'మరణం సభ్యత్వానికి భంగం కాదు.' ప్రపంచంలో ఇంకే సంఘమైనా ఇలాంటి నిబంధన పెట్టుకుంటుందా అంటే అనుమానమే. నాటకాలాడేవాళ్ళు పెట్టుకున్నారు. ఆ రాత్రి అక్క అన్నం తింది. అందుకని పెయింటరు ఆ నిబంధనని తన జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పనిగా లెక్కపెట్టుకునేవాడు.

ఏళ్ళు గడిచాయి. మనుషులు పోతూనే ఉన్నారు, పలకలు మాత్రం ఉంటూనే ఉన్నాయి. కొత్తవాళ్ళు చేరడం తగ్గింది. చివరికి గోడ మీద బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ ఇంచుమించు సరిసమానమయ్యారు. ఎవరూ గమనించలేదు. గమనించినా ఆ మాట ఎత్తేదెవరు? మా ఆయన పలక ఎందుకు తీస్తావని ఒకావిడ, మా నాన్న పలక ఎందుకు తీస్తావని ఇంకొకాయన మీద పడరూ?

అప్పుడొచ్చింది మునిసిపాలిటీకి కొత్త ఆఫీసరమ్మ. హాలు మునిసిపాలిటీది, పరిషత్తుది దీర్ఘకాలపు లీజు. ఆ లీజు గడువు నెలాఖరుతో తీరిపోతోంది. పెయింటరూ ప్లీడరు గారూ ఆమె ముందు కూర్చున్నారు. ఆవిడ చెడ్డమనిషేం కాదు, మంచినీళ్ళిప్పించింది, మర్యాదగా మాట్లాడింది. కాకపోతే చదివింది. మన నిబంధనావళిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొట్టమొదటి మనిషి ఆవిడే అయి ఉంటుంది.

"చనిపోయినవాళ్ళు మీ సంస్థలో ఓటున్న సభ్యులా?" అని అడిగింది.

ప్లీడరు గారు దగ్గారు. "ఓటు వేయరు మేడమ్. గౌరవార్థం అన్నమాట."

"గౌరవార్థం అని ఎక్కడా లేదు సార్. సభ్యులనే ఉంది. ఇలాంటి సంస్థకి లీజు పొడిగిస్తే రేపు నన్నడుగుతారు. సర్వసభ్య సమావేశం పెట్టండి. ముందు ఈ నిబంధన తీసేసి వాళ్ళ పేర్లు తొలగించండి, తర్వాత లీజుకి తీర్మానం చేయండి. నేను వచ్చి కూర్చుంటాను."

"అలాగే చేస్తాం. చేసి సంతకాలు పట్టుకొస్తాం" అన్నాడు పెయింటరు, పాత అలవాటు కొద్దీ.

"సంతకాలు కాదండీ, మనుషులు కావాలి. సభ్యుల్లో సగం మంది ఉంటేనే కోరం అని మీరే రాసుకున్నారు. ఆ నిబంధన తీసేసేదాకా పోయినవాళ్ళు కూడా లెక్కలో ఉన్నట్టే కదా."

ప్లీడరు గారు బయటికొచ్చి మెట్ల మీద నిలబడి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనయ్యా. పోయినవాళ్ళని తీసేయాలంటే పోయినవాళ్ళు కూడా రావాలి. బతికున్న ప్రతివాడూ వస్తే సరిగ్గా సగం అవుతుంది. ఒక్కడు తగ్గినా లేదు. నోటీసు గడువు పోగా నెలాఖరు ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు లేదు."

"నేను తీసుకొస్తాను" అన్నాడు పెయింటరు.

కాలికి బలపం కట్టుకుని తిరిగాడంటారే, అలా తిరిగాడు. మంచంలో ఉన్న, వేణువు వాయించే ఆయన్ని కుర్చీతో సహా మోసుకొస్తామని ఒప్పించాడు. ఇద్దరు గాయనులు ఎప్పుడో గ్రూపు ఫోటోలో మధ్య కుర్చీ ఎవరిదన్న తగాదాతో మాటలు మానేశారు. వాళ్ళలో ఒకావిడ, "అది వస్తే నేను రాను" అంది. "ఆవిడ రావడం లేదమ్మా" అని ఇక్కడ చెప్పి, అక్కడికెళ్ళి అదే అబద్ధం ఆవిడకీ చెప్పాడు. పొరుగూళ్ళో కూతురి దగ్గరుంటున్న హాస్యనటుడు, "వస్తాను కానీ, పోయినవాళ్ళని తీసేస్తే మన పరిషత్తులో నటించడం వచ్చినవాడు ఎవడు మిగుల్తాడోయ్?" అన్నాడు. భర్త పేరు తీసేస్తారా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళ దగ్గర పెయింటరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా చెప్పాడు. తొలగింపు సంగతీ, లీజు సంగతీ, రెండూ ప్రతి గడపలోనూ విప్పి చెప్పాడు.

ఒక్క తన గడపలోనే చెప్పలేదు.

అక్కకి లీజు సంగతి మాత్రం చెప్పాడు. ఆదివారం మీటింగు, నువ్వూ రావాలి అన్నాడు. మేష్టారి పేరు తీసే సంగతి గొంతు దాకా వచ్చేది, మింగేసేవాడు.

"వదినకి చెప్పండి" అంది భార్య, వంటింట్లో గిన్నెలు బోర్లిస్తూ. "ఊరందరికీ చెప్పి ఆవిడకి చెప్పకపోవడమేమిటి?"

"చెప్తే తట్టుకోలేదే. అప్పుడెలా అయిపోయిందో నీకు తెలుసుగా. మళ్ళీ అన్నం మానేస్తుంది. అసలు మీటింగుకే రానంటుంది."

"మీకు నోరు పెగలని చోటల్లా వదిన మనసు మెత్తన అంటారు. ఆవిడ నలుగురి చేత నాటకాలాడించే మనిషండీ. మీరనుకున్నంత మెత్తనేం కాదు."

"మా అక్క సంగతి నాకు తెలియదా" అన్నాడు. చేతులెత్తేటప్పుడు తను పక్కనే కూర్చుని, మొదటి అంశం ప్లీడరు గారి చేత గబగబా చదివించేస్తే గడిచిపోతుందని అతని ఆలోచన. మొహమాటస్థుల ఆలోచనలన్నీ ఇలాగే ఉంటాయి. దాచితే పోతుందనుకుంటారు.

ఆదివారం హాలు నిండిందనడానికి లేదు కానీ, అన్నేళ్ళలో అంతమంది రావడం అదే. వేణువు ఆయన్ని కుర్చీతో తెచ్చి దించారు. గాయనులిద్దరూ ఒకరినొకరు చూసుకుని పెయింటరుని కళ్ళతోనే చీల్చి, చెరో మూలా కూర్చున్నారు. హాస్యనటుడు గోడ మీద పలకలకేసి చూసి, "హౌస్‌ఫుల్" అన్నాడు. అక్క మొదటి వరసలో వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆఫీసరమ్మ లేచి మనుషుల్ని లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, "సరిపోయింది" అంది. చాలా ఏళ్ళ తర్వాత పెయింటరుకి పరిషత్తు మీద నిజంగా ప్రేమ పుట్టింది.

ప్లీడరు గారు చదివారు. "మొదటి అంశం. మరణించిన సభ్యుల పేర్లు సభ్యత్వం నుంచి తొలగించుట. అందరికీ సమ్మతమే కదా."

"ఒక్క నిమిషం" అంది అక్క. "ఇది కూడా ఉందా ఇవాళ?"

"ఉందమ్మా. మీ తమ్ముడు అందరికీ ముందే చెప్పాడు."

"అందరికీనా?"

ఆవిడ మొహం పెయింటరు ఉన్న వైపు తిప్పింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెబుదామనే అనుకున్నానక్కా. నువ్వు తట్టుకోలేవని..."

వెనక వరసలో ఎవరో జాలిగా చప్పరించారు. ఆ చప్పుడు అక్కకీ వినపడింది. ఆవిడ లేచింది. కర్ర లేదు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వరసల మధ్య నుంచి సూటిగా నడుచుకుంటూ పక్క తలుపు దాకా వెళ్ళి, గడియ తడమకుండానే తీసి, బయటికి వెళ్ళిపోయింది.

"ఒకరు తగ్గారు" అంది ఆఫీసరమ్మ. ఆ మాట అనడం ఆవిడకీ ఇష్టం లేనట్టే ఉంది.

ప్లీడరు గారు గడియారం చూసుకున్నారు. "కోరం తగ్గితే అరగంట ఆగవచ్చని ఉంది. వెళ్ళి పిలుచుకురావయ్యా."

"రాదండీ" అన్నాడు పెయింటరు. "మా అక్క సంగతి నాకు తెలుసు. ఇప్పుడు కదిపితే ఇంకా పాడవుతుంది. మేడమ్, ఆవిడ గాలికి వెళ్ళిందనుకోండి. ఆవరణలోనే ఉంది. ఉన్నట్టే కదా?"

"హాల్లో ఉండాలండీ."

అక్కడ పట్టుకున్నాడు వాదన. గుమ్మం దగ్గరుంటే హాల్లో ఉన్నట్టు కాదా అన్నాడు. ప్లీడరు గారితో, మీరు ఇంత చదివి ఒక్క దారి చూపలేరా అన్నాడు. అతన్ని ఎవరూ ఎప్పుడూ అలా చూడలేదు. ఈ సందులో గాయనులిద్దరూ లేచి, నాకు అబద్ధం చెప్పావంటే నాకు చెప్పావని చెరోవైపు నుంచీ అతన్ని వాయించారు. అది చూసి ఇంకొకావిడ, అసలు మా ఆయన పేరు తీయడానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదంది. పెయింటరు ఆవిడకి చేతులు జోడించాడు. అందరికీ చేతులు జోడించాడు. ఆ పక్క తలుపు పది బారల దూరంలో ఉంది. దాని వైపు మాత్రం ఒక్క అడుగు వేయలేదు. అక్క మొహం చూడాలంటే భయం. ఊరందరితోనూ పోట్లాడటం అంతకన్నా సులువనిపించింది.

అరగంట అయింది. "సమావేశం కోరం లేక ముగిసింది" అని ప్లీడరు గారు చెప్పి, ఆయనే రాసుకుని, ఆయనే సంతకం పెట్టారు. ఆఫీసరమ్మ కూడా పెట్టింది. పెయింటరు భుజం మీద చెయ్యి వేయబోయి, మానేసి, కారెక్కి వెళ్ళిపోయింది. హాస్యనటుడు ఏమీ జోకు వేయకుండానే వెళ్ళాడు. వేణువు ఆయన్ని కుర్చీతో ఎత్తి వ్యానులో పెడుతుంటే, ఆయన "అయిపోయిందా? తీర్మానం అయిందా?" అని మోసేవాళ్ళని అడుగుతున్నాడు.

అందరూ వీధి తలుపు నుంచి వెళ్ళాక పెయింటరు పక్క తలుపు తీసి బయటికొచ్చాడు. అక్క ఆ తలుపు ముందు మెట్ల మీద, వీధివైపు చప్పుళ్ళు అందని చోట, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది.

"ఏమిట్రా ఇంతసేపు?" అంది. "పిలుస్తావని కూర్చున్నాను."

అతను అక్కడే ఆగిపోయాడు.

"ఆయన పోయారని నాకు తెలియదనుకున్నావా? నా చేతుల్లో పోయిన మనిషిరా ఆయన. నువ్వు ఇంట్లో ఒక్క మాట అనుంటే అందరికన్నా ముందు నేనే చెయ్యెత్తేదాన్ని. హాలు పోగొట్టుకుని గోడ మీద పేరు ఉంచమని ఆయన మాత్రం అంటారా? ఊరందరికీ చెప్పి, నన్ను తల లెక్కకి తెచ్చి కూర్చోబెట్టావు. నలుగురూ జాలి పడుతుంటే వినలేక లేచొచ్చాను. అంతే. కాస్త ఆగి నువ్వే వచ్చి పిలుస్తావు, వెళ్దాంలే అనుకున్నాను." ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. "సరే, అయిందేదో అయింది. పద లోపలికి. పాపం వాళ్ళెంతసేపు కూర్చుంటారు?"

"అక్కా" అన్నాడు.

"ఊఁ."

"అందరూ వెళ్ళిపోయారక్కా."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. "మళ్ళీ పిలు. ఎంతోదూరం పోయుండరు."

"ముగిసిందని రాసేశారు. ఇంకో మీటింగుకి రోజుల్లేవు. అయిపోయింది."

అక్క తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఆవిడ తలుపు వైపు రెండడుగులు వేసి, ఆగి, అటే మొహం పెట్టుకుని నిలబడింది. లోపల వేసిన కుర్చీలు వేసినట్టే ఉన్నాయి, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడకి ఆ వెలుగు మాత్రం కనపడుతుంది.

నెలాఖరుకి తాళాలు మునిసిపాలిటీకి ఇచ్చేశారు. చెత్తబళ్ళ టైర్లూ విడిభాగాలూ పెట్టుకోవడానికి చోటు కావాలట, స్టేజీ విప్పేశారు. నాటకం ఆగిపోయింది. నర్సు కొన్నాళ్ళు ఇంటికొచ్చి అక్కని చూసి వెళ్ళేది, తర్వాత డ్యూటీలు మారి రావడం మానేసింది. అక్క అన్నం మానలేదు, పెట్టినంత తినేది, మాట్లాడించినంత మాట్లాడేది. మంచం మాత్రం దిగేది కాదు. రోజూ సాయంత్రం రిహార్సలు వేళకి పెయింటరు కొట్టు మూసి వచ్చి, "అలా కాస్త నడుద్దామా అక్కా?" అని అడుగుతాడు.

"ఎక్కడికిరా?" అంటుంది ఆవిడ.